నూనె తగ్గింది... బరువు తగ్గదేం?

భీమవరం: కూరలో నూనె చుక్కలు లెక్కపెట్టి పోస్తున్నారు. వేపుళ్లు మానేశారు. నేతి గిన్నెను అటకెక్కించి నెలలు గడిచాయి. అయినా తూకం యంత్రంపై ముల్లు మాత్రం కదలడం లేదు. ఉదయం వేళ కళాశాల మైదానాల్లోనూ, కాలువ గట్ల మీదా నడక సాగించేవారి మధ్య తరచు వినిపించే ఫిర్యాదు ఇది. ఆహారంలో కొవ్వు తగ్గిస్తే సరిపోదా? తిన్న ప్రతి ముద్దకూ కెలోరీల లెక్క చూసుకోవాలా? నూనె మానినవారిలో కొందరు ఆరు నెలల్లో సన్నబడుతుంటే, మరికొందరు అంతే నిష్ఠగా ఉండి కూడా ఎందుకు లావెక్కుతున్నారు? ఈ ప్రశ్నలకు పోషకాహార శాస్త్రంలో సమాధానాలు ఉన్నాయి. క్లుప్తంగా చెప్పాలంటే కెలోరీలకు ప్రాధాన్యం ఉంది. కానీ వాటిని కాగితంపై లెక్కించడం అందరికీ అవసరం కాదు. ఈ రెండు విషయాలనూ ఒకటిగా భావించడం వల్లనే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు.

సమస్య చిన్నది కాదు. 2019-21లో నిర్వహించిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సుమారు 36 శాతం మంది, పురుషుల్లో 31 శాతం మంది అధిక బరువుతోనో, స్థూలకాయంతోనో ఉన్నారు. దేశవ్యాప్తంగా మహిళల్లో ఇది 24 శాతమే కావడం గమనార్హం. బీఎంఐ 25, అంతకు మించి ఉన్నవారిని ఈ సర్వే లెక్కలోకి తీసుకుంది. భారతీయుల శరీర తత్వాన్ని బట్టి 23 దాటితేనే అధిక బరువుగా పరిగణించాలని వైద్యనిపుణులు 2009లోనే సూచించారు. ఆ కొలబద్ద పెడితే సంఖ్య మరింత పెరుగుతుంది. బరువు వెంటే మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు ఇంటిలోకి అడుగుపెడతాయి. అందుకే నూనె మాని కూడా ఫలితం దక్కనివారి నిరాశను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ‘మన ఒంటి తత్వమే అంత’ అనుకుని ప్రయత్నమే విరమించుకునేవారు వీరిలో ఎక్కువ.

గ్రాముకు తొమ్మిది

కెలోరీ అంటే ఆహారం నుంచి శరీరానికి అందే శక్తికి కొలమానం. వాడుకలో మనం కెలోరీ అంటున్నది నిజానికి కిలోకెలోరీ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ ఏ ఆహారంలో ఎంత శక్తి ఉందో కొలిచి చూపారు. ఆ లెక్కల ఆధారంగానే నేటికీ గ్రాము పిండిపదార్థానికి 4, గ్రాము మాంసకృత్తులకు 4, గ్రాము కొవ్వుకు 9 కెలోరీల చొప్పున గణిస్తున్నారు. కొవ్వు తగ్గించమనడంలోని తర్కమంతా ఈ తొమ్మిదిలోనే ఉంది. వంద గ్రాముల నూనె తీసేస్తే 900 కెలోరీలు పోతాయి. అదే బరువు గల బియ్యం తీసేస్తే పోయేవి సుమారు 350 మాత్రమే. పైగా నూనె కడుపు నింపదు. కూరలో రెండు చెంచాలు ఎక్కువైనా, తక్కువైనా తిన్నవారికి ఆ తేడా ఆకలిలో తెలియదు. కాబట్టి తగ్గించడానికి నూనె అనువైన పదార్థం. ఇంతవరకూ లెక్క సరైనదే.

లెక్క తప్పేది ఆ తరువాత. తీసేసిన నూనె స్థానంలో ఏం వచ్చి చేరిందన్న సంగతి ఎవరూ చూడటం లేదు.

నూనె పోయింది... అన్నం వచ్చింది

ఉదాహరణకు రోజుకు 40 గ్రాముల నూనె వాడే ఒక గృహిణి దాన్ని సగానికి తగ్గించారనుకుందాం. రోజుకు 180 కెలోరీలు ఆదా. అయితే నూనె తగ్గిన కూరకు రుచి తగ్గింది. చారు, మజ్జిగలతో మరో హస్తం అన్నం కలుపుకోవడం అలవాటైంది. వంద గ్రాముల వండిన అన్నానికి 130 కెలోరీలు. సాయంత్రం మిరపకాయ బజ్జీలు మానేశాం కదా అని టీలోకి రెండు మేరీ బిస్కెట్లు చేరాయి. వాటికి ఇంచుమించు 50. మొత్తం 180. ఇంత శ్రమపడి, నాలుకను కట్టేసుకుని సాధించిన ఆదా ఒక హస్తం అన్నానికీ, రెండు బిస్కెట్లకూ చెల్లు అయిపోయింది. ఇందులో ఆమె చేసిన తప్పేమీ లేదు. కొవ్వు తగ్గించమన్నారు. ఆమె తగ్గించారు. మిగతాది ఎవరూ చెప్పలేదు.

డెల్టా ప్రాంతంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. రోజుకు 400 గ్రాముల బియ్యం తినేవారికి ఒక్క అన్నం నుంచే 1400 కెలోరీలు అందుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, 2000 కెలోరీల రోజువారీ భోజనానికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలని పేర్కొంది. నూనె, నెయ్యి వంటివి 27 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలని సూచించింది. మన కంచంలో సాధారణంగా కనిపించేది దీనికి తలకిందులు. అన్నం గుట్టగా, కూర అంచున.

రాగులు, కొర్రల విషయంలోనూ అపోహ ఉంది. ‘చిరుధాన్యాలు కాబట్టి ఎంత తిన్నా ఫర్వాలేదు’ అని కొందరు భావిస్తున్నారు. వంద గ్రాముల రాగుల్లో 320 కెలోరీలకు పైగానే ఉంటాయి. బియ్యానికీ వీటికీ కెలోరీల్లో పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ కాబట్టి త్వరగా కడుపు నిండుతుంది, తక్కువ తింటారు. ప్రయోజనం అక్కడుంది. తక్కువ తిననప్పుడు ఆ ప్రయోజనం లేదు. పంచదార మాని బెల్లం వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. రెంటికీ కెలోరీలు దాదాపు సమానమే.

అమెరికా నేర్చుకున్న పాఠం

కొవ్వు తగ్గించాలన్న ప్రచారాన్ని దేశవ్యాప్తంగా చేపట్టి దాని ఫలితాలను చవిచూసిన దేశం అమెరికా. అక్కడ 1980లో వెలువడిన తొలి ఆహార మార్గదర్శకాల్లో కొవ్వు తగ్గించాలన్నది ఒక ప్రధాన సూచన. తదనంతరం అంగళ్లలో ‘కొవ్వు లేనివి’ అన్న ముద్రతో బిస్కెట్లు, కేకులు వెల్లువెత్తాయి. కొవ్వు తీసేసినచోట పంచదార, మైదా చేరాయి. ముద్ర చూసి జనం ఎక్కువగా తిన్నారు. కొవ్వు తినకపోతే లావు కాబోమన్న ధీమా అది.

ఈ విషయంలో అతిపెద్ద పరీక్ష ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’. రుతుక్రమం ఆగిన 48,835 మంది మహిళలతో దీన్ని నిర్వహించారు. ఒక వర్గానికి కొవ్వు బాగా తగ్గించాలని, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు పెంచాలని చెప్పారు. కెలోరీలు తగ్గించమని గానీ, బరువు తగ్గమని గానీ చెప్పలేదు. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం తొలి ఏడాది వారు సగటున 2.2 కిలోలు తగ్గారు. ఏడున్నరేళ్లు గడిచేసరికి, ఆహారం మార్చుకోని వర్గంతో పోలిస్తే తేడా అరకిలో కూడా లేదు. కొవ్వు తగ్గించి ధాన్యాలు పెంచితే లావెక్కుతారన్న భయం నిజం కాదని ఇందులో తేలింది. అయితే కొవ్వు ఒక్కటే తగ్గిస్తే చెప్పుకోదగినంత సన్నబడతారన్న ఆశ కూడా నిలవలేదు.

హార్వర్డ్ పరిశోధకులు మరోవిధంగా పరీక్షించి 2009లో ఫలితాలు వెల్లడించారు. 811 మందిని నాలుగు వర్గాలుగా విభజించారు. కొందరికి ఆహారంలో 20 శాతం కొవ్వు, కొందరికి 40 శాతం. మాంసకృత్తులు, పిండిపదార్థాల పాళ్లూ మార్చారు. అందరికీ సమానంగా ఉన్నది ఒక్కటే. ప్రతి ఒక్కరూ తమ అవసరం కన్నా రోజుకు 750 కెలోరీలు తక్కువ తినాలి. ఆరు నెలలకు నాలుగు వర్గాలూ సగటున ఆరేసి కిలోలు తగ్గాయి. రెండేళ్లకు అందులో కొంత తిరిగొచ్చి నాలుగు కిలోల తగ్గుదల మిగిలింది. కొవ్వు పాళ్లు తేడా చూపలేదు. కెలోరీల కోతే పనిచేసింది.

అలాగని లెక్క రాసుకుంటేనే బరువు తగ్గుతారా? కాదని 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఫలితాలు ప్రకటించిన పరిశోధన చెబుతోంది. ఇందులో పాల్గొన్న 609 మందిలో సగం మందికి కొవ్వు తక్కువ, సగం మందికి పిండిపదార్థాలు తక్కువ ఆహారం సూచించారు. కెలోరీలు లెక్కించమని ఎవరికీ చెప్పలేదు. పంచదార, మైదా మానాలని, కూరగాయలు వీలైనంత ఎక్కువ తినాలని, ఇంట్లో వండుకోవాలని రెండు వర్గాలకూ చెప్పారు. ఏడాది తిరిగేసరికి మొదటి వర్గం సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. ఈ వ్యత్యాసం లెక్కలోకి తీసుకోదగినది కాదని పరిశోధకులు తేల్చారు. అసలు విశేషం వేరే ఉంది. లెక్కించమని చెప్పకపోయినా రెండు వర్గాలవారూ రోజుకు సుమారు 500 కెలోరీలు తక్కువ తిన్నారు. అంటే కెలోరీలు తగ్గాయి, లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఒకే వర్గంలో ఇరవై కిలోలకు పైగా తగ్గినవారూ, తిరిగి పెరిగినవారూ ఉండటం మరో విశేషం. సగటు సంఖ్య చూసి పొరుగువారితో పోల్చుకుని బెంగపడేవారు దీన్ని గుర్తించాలి.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసిన రెండు ప్రయోగాలు దీనికి కారణాన్ని విడమరిచాయి. రెండింటిలోనూ ఇరవై మంది చొప్పున సంస్థ ఆవరణలోనే నాలుగు వారాలు ఉండి, పెట్టినదాంట్లో కావలసినంత తిన్నారు. 2019 ప్రయోగంలో కర్మాగారాల్లో తయారైన పొట్లాల ఆహారం తిన్న రెండు వారాల్లో, ఇంటి వంట తరహా ఆహారం తిన్న రోజులకన్నా రోజుకు 500 కెలోరీలు అధికంగా తిన్నారు. కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు. 2021లో ప్రకటించిన రెండో ప్రయోగంలో కొవ్వు పది శాతమే ఉన్న శాకాహారాన్ని, కొవ్వు 75 శాతం దాకా ఉన్న మాంసాహారంతో పోల్చారు. కొవ్వు తక్కువ ఆహారం తిన్నప్పుడు ఆకలితో లేవకుండానే రోజుకు దాదాపు 700 కెలోరీలు తక్కువ తిన్నారు. కూరగాయలు, పప్పుగింజలు, పీచు పుష్కలంగా ఉండటం వల్ల తక్కువ కెలోరీలకే కంచం నిండింది, కడుపూ నిండింది. రెండు వారాల ప్రయోగంతో జీవితకాలపు తీర్పు ఇవ్వలేం గానీ, కొవ్వు తక్కువ ఆహారం ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో ఇందులో స్పష్టంగా ఉంది. నూనె స్థానంలో బీర, సొర, తోటకూర, పెసలు వస్తే లెక్క అక్కర్లేదు. నూనె స్థానంలో అన్నం, బిస్కెట్లు, పంచదార వస్తే లెక్క తప్పదు.

చపాతీలోని రహస్యం

పదేళ్లుగా మన పట్టణాల్లో రాత్రిపూట అన్నం మాని చపాతీ తినడం విస్తరించింది. చపాతీతో బరువు తగ్గామనేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాస్తవానికి వంద గ్రాముల గోధుమపిండిలోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ కెలోరీలు ఇంచుమించు సమానం. మరి తేడా ఎక్కడ? చపాతీలను లెక్కపెడతారు. అన్నాన్ని లెక్కపెట్టరు. ‘రెండు చపాతీలు చాలు’ అనడం అందరికీ సహజం. ‘రెండు హస్తాల అన్నం చాలు’ అని కంచం మీద చేయి అడ్డుపెట్టడం మన ఇళ్లలో అంత సులభం కాదు. వడ్డించేవారు ఊరుకోరు. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన చపాతీకి నూనె కాకుండా వంద కెలోరీలు. రెండింటికి 200. అంటే కెలోరీ అన్న మాట ఎన్నడూ ఎరగని ఇంటి పెద్దలు సైతం చపాతీ రూపంలో కెలోరీలు లెక్కిస్తున్నట్లే. అదే చపాతీలు ఐదు, ఒక్కోదానికి చెంచా నూనె అయితే 700 దాటుతుంది. దానికన్నా రెండు హస్తాల అన్నం నయం.

లెక్కించేవారి తంటాలు

ప్రతి ముద్దనూ సెల్‌ఫోన్‌లో నమోదు చేసుకునేవారు యువతలో పెరిగారు. మంచిదే. కానీ ఆ లెక్క ఎంతవరకూ నమ్మదగినది? ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకున్న కొందరిని న్యూయార్క్ పరిశోధకులు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. వారు చెప్పిన లెక్క కన్నా వాస్తవంగా తిన్నది దాదాపు రెట్టింపు ఉంది. వారిది అబద్ధం కాదు. కొసరు వడ్డనలు, వంట చేస్తూ రుచి చూసినవి, పిల్లల కంచంలో మిగిలినవి గుర్తుండవంతే. మన ఇంటి వంటకాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. గుత్తివంకాయ కూరలో ఎవరి కంచంలోకి ఎంత నూనె వచ్చిందో ఏ ఫోనూ చెప్పలేదు.

పొట్లాల మీది మాటలూ తప్పుదోవ పట్టిస్తుంటాయి. వంద గ్రాముల ఘనాహారంలో కొవ్వు 3 గ్రాములు మించకపోతే ‘కొవ్వు తక్కువ’ అని ముద్రించుకోవచ్చని ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ నిబంధన. అందులో పంచదార ఎంతన్నది ఆ మాటలో కనిపించదు. వెనకవైపు చిన్న అక్షరాల పట్టికలో మొత్తం శక్తి ఎంతో చూడాలి. ‘కొలెస్ట్రాల్ రహితం’ అని నూనె ప్యాకెట్లపై ఉండే మాట మరీ విచిత్రం. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ఆ మాట ఉన్నా లేకున్నా గ్రాముకు తొమ్మిది కెలోరీలు తప్పవు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన దారీ తెలుగు నేలపై నడిచింది. 2018 ప్రాంతంలో అన్నం, రొట్టె పూర్తిగా మాని కొబ్బరినూనె, నెయ్యి వంటివి దండిగా తీసుకునే విధానం రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా సభలతో హోరెత్తింది. అప్పట్లో బరువు తగ్గినవారూ ఉన్నారు. ధాన్యాలు ఒక్కసారిగా మానేస్తే తినేవాటి జాబితా సగానికి సగం తగ్గిపోతుంది, దాంతో కెలోరీలూ తగ్గుతాయి. నూనె మానినా, అన్నం మానినా చివరికి పనిచేసిన సూత్రం ఒక్కటే.

నూనె డబ్బా చెప్పే లెక్క

చక్కటి క్రమాన్ని చూపిన కార్యక్రమం ఒకటుంది. అమెరికాలో 3,234 మందితో జరిపి 2002లో ఫలితాలు ప్రకటించిన మధుమేహ నివారణ కార్యక్రమంలో, ఆహారం మార్చుకునే వర్గానికి మొదట కొవ్వు గ్రాములు మాత్రమే లెక్కించడం నేర్పారు. కొద్ది వారాల తరువాత కెలోరీల లెక్క పరిచయం చేశారు. వారానికి 150 నిమిషాల వ్యాయామం తోడైంది. మధుమేహం ముప్పు 58 శాతం తగ్గింది. తేలికైనదాంతో మొదలుపెట్టి, చాలనప్పుడే కష్టమైనదానికి వెళ్లే ఈ పద్ధతి మన ఇళ్లకూ సరిపోతుంది.

నూనెను రోజూ కొలవనక్కర్లేదు. నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటున్నామో చూస్తే చాలు. నలుగురు పెద్దలున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు ఖర్చయితే తలకు రోజుకు 38 గ్రాములు పడుతుంది. మూడున్నర లీటర్లకు తెస్తే 27 గ్రాముల లోపే. తలకు రోజుకు వంద కెలోరీలు తగ్గాయన్నమాట. ఆవకాయ జాడీలో పోసిన పప్పునూనెను, పండగకు వండిన అరిసెల నూనెను చాలామంది ఇందులో చేర్చరు. చేర్చాలి. బియ్యాన్నీ ఇదే విధంగా కొలవవచ్చు. పొయ్యి మీద పెట్టేముందు గ్లాసుతో కొలిచి, మనిషికి ఎంత పడుతుందో విభజిస్తే వడ్డించేటప్పుడు వాదన ఉండదు. టీ, కాఫీల్లో చెంచా పంచదారకు 20 కెలోరీలు. మూడు పూటలా రెండేసి చెంచాలైతే 120. గేదెపాలకు బదులు మూడు శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలు వాడితే అర లీటరుకు 200 కెలోరీలకు పైగా తగ్గుతాయి. ఇవన్నీ చేసినా రెండు నెలల్లో మార్పు లేనివారు పది రోజులపాటు తిన్న ప్రతిదీ చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఎక్కడ జారిపోతోందో పట్టుబడుతుంది. గంటసేపు నడిస్తే 70 కిలోల మనిషికి ఖర్చయ్యేది 200 నుంచి 250 కెలోరీలు మాత్రమే. నడక ముగించి గట్టు పక్క హోటల్లో ఉప్మా పెసరట్టు తింటే అది అక్కడికక్కడే సరి.

ఫలితం ఎప్పుడన్నదీ తెలుసుకోవాలి. రోజుకు 24 కెలోరీలు శాశ్వతంగా తగ్గిస్తే కాలక్రమంలో కిలో బరువు తగ్గుతుందని, అందులో సగం తగ్గడానికి ఏడాది, దాదాపు పూర్తిగా తగ్గడానికి మూడేళ్లు పడుతుందని హాల్ బృందం 2011లో లెక్కగట్టింది. వంద కెలోరీల నూనె కోతకు మూడేళ్లలో నాలుగు కిలోలు. నెలకు పది కిలోలన్న ప్రకటనలు చూసినవారికి ఇది చిన్నదిగా కనిపించవచ్చు.

ఇవి తప్పనిసరి

నూనె పూర్తిగా మానడం ప్రమాదం. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటపట్టడానికి కొంత కొవ్వు కావాలి. శరీరం తయారు చేసుకోలేని కొవ్వు ఆమ్లాలూ ఆహారం నుంచే రావాలి. అతి వేగంగా బరువు తగ్గేవారిలో, అందునా కొవ్వు దాదాపు లేని ఆహారం తీసుకునేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు ఎక్కువ. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు వైద్యుడికి చెప్పకుండా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. మాత్రల మోతాదు ముందుగా మార్చుకోవాలి. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఈ కోతలు వర్తించవు. ఇంట్లో పెద్దలు తగ్గిస్తున్నారని పసిపిల్లల పప్పన్నంలో నెయ్యి తీసేయకూడదు.

బరువును రోజూ కాకుండా వారానికొకసారి, ఉదయం పరగడుపున, ఒకే యంత్రంపై చూసుకోవాలి. ఉప్పు, నీటి వల్లే ఒక రోజుకూ మరో రోజుకూ కిలో దాకా తేడా వస్తుంది. తూకంతోపాటు నడుము కొలతా రాసుకోవడం మేలు. మన దేశంలో పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది ప్రమాణం.